జట్టు నాయకత్వము – న్యాయము

పందెములకు చందా నొసగినవాని కుమారుడే జట్టునకు నాయకుడు కావలెనా? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము విద్యార్థులకీ ప్రశ్న క్రొత్తది కాదు. 1936వ సంవత్సరమున భారతదేశ మంతయు దీనిని జూచినది.

ఆ యేట ఇంగ్లండునకు వెళ్లిన క్రికెట్టు జట్టునకు విజయనగర మహారాజకుమారుడు నాయకుడు. ఆయన నా పదవి కెక్కించినవి ధనమును పలుకుబడియునే యని మా యభిప్రాయము. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. 1932లో నాయకత్వము వహించిన సి.కె. నాయుడుగా రాయన క్రింద నాడవలసివచ్చెను. లాలా అమరనాథును బ్యాటుతో సిద్ధముగా నిలిపి ఇతరులను ముందు పంపిరి; అతడు కోపించి మాటాడగా, మొదటి టెస్టునకు ముందే ఓడ యెక్కించి ఇంటికి పంపివేసిరి. బోమంటు విచారణసంఘము 1937లో అతనిని నిర్దోషిగా తేల్చినది. శిక్ష ముందు, విచారణ వెనుక! పోయిన మూడు టెస్టులు తిరిగి వచ్చునా?

తరువాత విశ్వవిద్యాలయ విద్యార్థుల క్రికెట్టు పందెమునకు 'విజ్జీ ట్రోఫీ' యని పేరు పెట్టిరి. విజ్జీ యనగా ఆ రాజకుమారుడే.