ఇస్కూల్ – స్కూలు: ఒక ఆంగ్లపదం, రెండు ఉచ్చారణలు

కోదాడలో ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు విద్యార్థులలో ఒకరు 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అంటారు. మరొకరు 'స్కూలు', 'స్టేషను' అంటారు. మొదటివారి మాతృభాష ఉర్దూ, రెండవవారిది తెలుగు. ఇద్దరూ పలికినది ఆంగ్లమే. ఒకరి పలుకు విని మరొకరు నవ్వడం, ఆ నవ్వుకు వెరచి ఇద్దరూ ఆంగ్లంలో నోరు విప్పకుండా చదువు ముగించుకొని వెళ్ళిపోవడం మనం చూస్తున్నదే. ఈ భేదాలకు కారణమేమిటో, వీనిలో దిద్దుకొనవలసినవి ఏవో, విడిచిపెట్టదగినవి ఏవో ఇక్కడ పరిశీలింపదలచినాము.

తెలుగు మాటలు సామాన్యంగా అచ్చుతో ముగుస్తాయి. అందుచేతనే దీనిని అజంతభాష అంటారు. హల్లుతో ముగిసే ఆంగ్లపదం తెలుగు నోట పడగానే చివర ఒక ఉకారం చేరుతుంది. చేరే తీరులో కూడ ఒక క్రమం ఉన్నది. ఆ హల్లుకు ముందు హ్రస్వం ఉంటే అది ద్విత్వమవుతుంది: బస్సు, పెన్ను, కప్పు, పిన్ను. దీర్ఘం ఉంటే కాదు: కారు, గేటు, కోటు, బూటు. ('రోడ్డు' మాత్రం ఈ లెక్కకు లొంగదు.) చ, జ లకు ఉకారానికి బదులు ఇకారం తోడవుతుంది: బెంచి, పేజీ, కాలేజీ. తాలవ్యమైన హల్లుకు తాలవ్యమైన అచ్చు జతకావడం సహజమే. ఎవరూ బడిలో నేర్పని ఈ నియమాలను అక్షరం రానివారు కూడ తప్పరు. ఈ సత్కారం ఆంగ్లానికి కంటె ముందే ఉర్దూ మాటలకు జరిగినది: జవాబ్ 'జవాబు' అయినది, బజార్ 'బజారు' అయినది.

ఉర్దూకు పదాంతంలో హల్లుతో ఇబ్బంది లేదు. బస్, పెన్, కార్ అని సుఖంగా ఆగగలదు. దాని ఇబ్బంది పదాదిలో. సకారం మరొక హల్లుతో జంటకట్టి మొదటనే నిలిచినప్పుడు ఊతగా ఒక ఇకారాన్ని ముందు తెచ్చుకుంటుంది. ఇది నాలుక తొట్రుపాటు కాదు. ఉర్దూ లిపిలో ఆ మాటలను వ్రాయడమే అలిఫ్‌తో మొదలుపెడతారు. పంజాబీలు ఆ జంటను నడుమ విడదీసి 'సకూల్' అంటారు. స్పానిష్‌వారు లాటిన్ 'స్కోలా'ను 'ఎస్కువేలా'గా మార్చుకున్నారు. ఫ్రెంచివారు ఊత అచ్చును మాత్రం ఉంచుకొని, అసలు సకారాన్నే వదలి 'ఎకోల్' అన్నారు. కనుక 'ఇస్కూల్' అన్న మన విద్యార్థికి ఐరోపాలో బంధువులున్నారు. అంత దూరం పోనేల? 'ఇస్కూలు' అనే పెద్దలు తెలుగు పల్లెలలోను ఉన్నారు, సకారాన్ని మింగి 'టేషను' అనేవారూ ఉన్నారు.

'ఆపీసు', 'కాపీ' అనే తెలుగు విద్యార్థికి ఆఫీసు, కాఫీలలోని ధ్వనిని ఉర్దూ సహపాఠి నేర్పగలడు. 'జీరో' మొదటి ధ్వని కూడ అతనికి పుట్టుకతో వచ్చినదే. ఉర్దూ లిపిలో దానికి జే, జాల్, జాద్, జోయ్ అని నాలుగక్షరాలున్నవి, తెలుగులో ఒక్కటీ లేదు. తెలుగు విద్యార్థికి బ్యాంకు, బ్యాటులలోని అచ్చు సులభం. మేక, చేప అన్నప్పుడు మన నోట వినిపించేది ఇంచుమించు అదే. అయితే ఎవరిని 'యెవరు' అనీ, ఒకటిని 'వొకటి' అనీ పలికే అలవాటు వలన ఎగ్ 'యెగ్' అవుతుంది, ఓన్లీ 'వోన్లీ' అవుతుంది.

ఈ రెండు ధోరణులు ఇక్కడ ఇంత చేరువగా వినిపించడానికి చరిత్ర కారణం. 1948 వరకు కోదాడ నిజాం రాజ్యంలోనిది. అక్కడ రాజభాష ఉర్దూ, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధించినది ఉర్దూలోనే. అదే దారిన తూర్పుకు పోతే వచ్చే జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణాజిల్లాది. 1956లో చెరిగిన ఆ సరిహద్దు 2014లో రాష్ట్రాల సరిహద్దుగా మళ్ళీ వెలసినది. ఐరోపా నుండి వచ్చిన పాత మాటలు రెండు భాషలలో రెండు రూపాలు తాల్చాయి. లాంటర్న్ తెలుగులో 'లాంతరు', ఉర్దూలో 'లాల్‌టేన్'. హాస్పిటల్ తెలుగులో 'ఆస్పత్రి', ఉర్దూలో 'అస్పతాల్'. తెలంగాణ ప్రజలు ఆ రెంటినీ కాదని 'దవాఖాన'నే నిలుపుకున్నారు.

ఇక దిద్దుకొనవలసినవి. 'ఇస్కూల్' అన్నా, 'బస్సు' అన్నా వినేవారికి అర్థం చెడదు. వీనిని పట్టుకొని ఎవరినీ నవ్వరాదని మా అభిప్రాయం. అర్థం చెడేది ఊనిక తప్పినప్పుడు. 1958లో హైదరాబాదులో నెలకొన్న కేంద్ర ఆంగ్ల సంస్థ నుండి 1969లో ఆర్. కె. బన్సల్ గారు భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు బోధపడుతుందో పరిశీలించిన గ్రంథం వెలువరించారు. పదంలో ఊనిక స్థానం తప్పడం అందులో తేలిన ముఖ్య కారణాలలో ఒకటి. హోటల్, డెవలప్ అనే మాటలలో ఊనిక రెండవ అక్షరం మీద ఉండాలి. మనం ఇరువురమూ మొదటి అక్షరాన్నే నొక్కుతాము. పడమరను చెప్పే 'వెస్ట్', బనియనును చెప్పే 'వెస్ట్' మన ఇరువురి నోటా ఒక్కటే. పడమరకు పెదవులను గుండ్రంగా ముందుకు చాచాలి. బనియనుకు పైపండ్లను క్రింది పెదవికి తాకించాలి.

పరీక్షలకో, ఇంటర్వ్యూలకో మిగిలినవి కూడ సవరించుకోదలచినవారికి ఒక ఉపాయం. ఉర్దూ విద్యార్థి 'మై స్కూల్' అని కలిపి పలికితే ముందున్న అచ్చే ఊత అవుతుంది, ఇకారం రాదు; అలవాటైన పిదప 'మై'ని మనసులోనే అనుకొని 'స్కూల్' అనాలి. తెలుగు విద్యార్థి 'బస్ స్టాప్' అని విడవకుండా పలికితే ఉకారానికి చోటుండదు. 'యాన్ ఎగ్'ను 'యానెగ్' అని ఒకే మాటగా పలికితే నడుమ యకారం దూరదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని, రోజుకు పది మాటల చొప్పున ఒకరిదొకరు విని దిద్దుకోవచ్చు. ఉర్దూ విద్యార్థి ఆఫీసుతోను, తెలుగు విద్యార్థి బ్యాంకుతోను ప్రారంభించవచ్చు.