సందేహాలు - సమాధానాలు: డాక్టర్ల సంఘంతో రోగికేం పని?

ప్రశ్న: ఎంబీబీఎస్ పూర్తిచేసి ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టాను. ట్రాపికల్ మెడిసిన్ సంఘాల్లో చేరమని స్నేహితులు అంటున్నారు. చందా కట్టి, బోర్డు మీద నాలుగు అక్షరాలు రాయించుకోవడం తప్ప ఒరిగేదేమిటి?
- ఒక యువ డాక్టరు, హిందూపురం

జవాబు: అక్షరాల కోసమే అయితే చేరకండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. లండన్ నుంచి ఉత్తరాలు రాస్తూ ఆయనకు దారి చూపినవాడు ప్యాట్రిక్ మాన్సన్. 1907లో లండన్‌లో ట్రాపికల్ మెడిసిన్ సొసైటీ పుట్టినప్పుడు మాన్సనే తొలి అధ్యక్షుడు, ఆ తర్వాత రాస్. అలా ఇద్దరి మధ్య నడిచే చర్చను పదిమందిలో పెట్టి, అచ్చువేసి, తప్పొప్పులు తేల్చడమే సంఘం పని. మన దేశంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ ట్రాపికల్ పారాసైటాలజీ ఇందుకోసమే ఒక పత్రిక నడుపుతోంది. జబ్బును తొలిరోజుల్లో చూసేది మీలాంటివారే. పెద్దాసుపత్రికి చేరేసరికి దాని రూపే మారిపోతుంది. అంతుచిక్కని జ్వరం కనిపిస్తే వివరాలు రాసిపెట్టుకుని, సంఘం ముందు పెట్టండి.

ప్రశ్న: శెనక్కాయ చేలో మా మామను పాము కరిచింది. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు ఆగమన్నాడు. అంతసేపు ఆగొచ్చా?
- ఒక గృహిణి, పెనుకొండ

జవాబు: ఆ పరీక్ష జరగాల్సిందేనమ్మా. రక్తపింజర, చిన్నపింజర విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు. అప్పుడే తీసిన 2 మి.లీ. రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. నీళ్లలా జారితే వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి. ప్లాస్టిక్ గొట్టం ఇందుకు పనికిరాదు. విషం లేని కాట్లూ ఉంటాయి, విరుగుడు మందు కొందరికి పడదు. అందుకే ఈ జాగ్రత్త. విష లక్షణాలు ముందే కనిపిస్తే మాత్రం ఆగరు. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది కనుక ఈ పరీక్షకు దొరకదు. రెప్పలు వాలిపోతున్నాయేమో గమనిస్తూ ఉండాలి. పాము ఎక్కించే విషం మనిషి వయసును బట్టి తగ్గదు, అందుకే పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తారు. ఇవన్నీ నిపుణులు కలిసి కూర్చుని రాసిన నియమాలు. ఏ అర్ధరాత్రి, ఏ చిన్న ఆసుపత్రికి వెళ్లినా వైద్యం ఒకేలా ఉండాలన్నదే వాటి ఉద్దేశం. పామును చంపి తేవద్దు. మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు పింజర్లు, నాలుగింటికీ ఒకటే.

ప్రశ్న: మా తమ్ముడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎక్కించాలని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట నమ్మాలి? అనవసరంగా ఎక్కిస్తే సంఘానికి ఫిర్యాదు చేయొచ్చా?
- ఒక మగ్గం కార్మికుడు, ధర్మవరం

జవాబు: రక్తస్రావం లేకుండా అంకె తగ్గిందని మాత్రమే ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు లేదు. సింగపూర్, మలేసియాల్లో జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 20 వేలకు పడిపోయినవారికి ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం ఆగలేదు, పైగా దుష్ఫలితాలు పెరిగాయి. అంకె 10 వేల లోపుకు దిగితే డాక్టరు ఆలోచిస్తారు. అసలు కనిపెట్టాల్సింది జ్వరం తగ్గే రోజుల్లో. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్ ఎంత, ఎప్పుడు అన్నదే అక్కడ ప్రాణం నిలబెడుతుంది. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునేవారికి పగటిపూట కుట్టే డెంగీ దోమతో బెడద ఎక్కువ. నీళ్ల డ్రమ్ములను వారానికోసారి ఖాళీచేసి తోమండి.

ఫిర్యాదు విషయానికొస్తే, సంఘానికి డాక్టరు మీద చర్య తీసుకునే అధికారం లేదు. ఆ పని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌ది. కానీ అంతదాకా వెళ్లేముందు డాక్టరుగారిని ఒక్కమాట అడగండి: "మార్గదర్శకాలు ఏమంటున్నాయి సార్?" అలా అడిగే హక్కు మీకుంది.