మోకాలి లోపలి రేడియో

రెజొనెన్స్ మీద పది మార్కుల ప్రశ్న రాసి పాసయ్యాను. అదేంటో నిజంగా అర్థమైంది మాత్రం గాజువాకలో ఒక స్కాన్ సెంటర్ బెంచీ మీద.

మా పిన్ని కొడుకు ఇంటర్ ఫస్టియర్. మోకాలి పైన నొప్పంటే కబడ్డీలో తగిలిందనుకుని రెండు నెలలు తైలాలు రాశాం. రాత్రి నిద్రలేపే నొప్పి వచ్చాక ఎక్స్‌రే తీయించాం. ఎముకలో కణితి అనుమానం. బయాప్సీ కంటే ముందు ఎమ్మారై అన్నారు డాక్టరుగారు.

"ముక్క తీస్తే తేలిపోతుంది కదండీ?" అన్నాను.

"ముందే సూది గుచ్చితే రక్తం, వాపు చేరి బొమ్మ చెడుతుందమ్మా. సూది ఏ దారిన వెళ్లాలో కూడా బొమ్మే చెప్పాలి" అన్నారు.

సంగతి ఇదీ. మన ఒంట్లో నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ప్రోటాన్లుంటాయి. 1.5 టెస్లా అయస్కాంతంలో అవి బొంగరాల్లా సుమారు 64 మెగాహెర్ట్జ్‌తో తిరుగుతాయి. మన ఎఫ్ఎం బ్యాండుకి కాస్త కింద! అదే ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగం పంపితే శక్తి తీసుకుంటాయి. ఆపగానే సిగ్నల్ ఇస్తూ సర్దుకుంటాయి. కొవ్వు త్వరగా సర్దుకుంటుంది. అందుకే టీ1 బొమ్మలో కొవ్వు మజ్జ తెల్లగా ఉంటుంది, కణితి ఆక్రమించిన చోట నల్లబడుతుంది. కొవ్వు సిగ్నల్‌ని అణిచేసే స్టిర్ బొమ్మలో నీరెక్కువున్న కణితి మెరుస్తుంది. చుట్టూ వాపూ మెరుస్తుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎముక ఎలా పాడైందో ఎక్స్‌రే బాగా చెప్తుంది. మజ్జలో ఎంత దూరం పాకింది, కీలులోకి వెళ్లిందా, రక్తనాళాన్ని, నరాన్ని తాకిందా అన్నవి ఎమ్మారై చెప్తుంది. అదే ఎముకలో దూరంగా ఇంకో మచ్చ ఉండొచ్చని తొడ ఎముక మొత్తం తీశారు. కణితి పేరు తేల్చేది మాత్రం బయాప్సీయే.

బాబాయిది గ్రైండింగ్ పని. వాడితో లోపలికి వెళ్తానంటే టెక్నీషియన్ అడిగాడు: "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?" పడిందట. అక్కడే ఆగిపోయాడు. మిగిలిన రజను అయస్కాంతానికి కదిలితే చూపే పోవచ్చు. ఉక్కు ఊరి వాళ్లం, ఈ ప్రశ్నకి మొహమాటపడకుండా నిజం చెప్పాలి.

బదులుగా నేను వెళ్లాను. చెవుల్లో ప్లగ్గులున్నా ఆ టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి. వాడి పాదం పట్టుకుని కూర్చున్నాను.

రక్తనాళానికీ కణితికీ మధ్య సన్నటి కొవ్వు గీత మిగిలి ఉంది. కాలు నిలబెట్టే ఆపరేషన్‌కి ఆ గీతే ఆశ. ముందు కీమో, తర్వాత మళ్లీ ఎమ్మారై. ఇప్పుడు కీమో నడుస్తోంది.

ఫ్రెండ్స్, రాత్రి నిద్రలేపే ఎముక నొప్పినీ, పెరుగుతున్న గడ్డనీ, 5 సెంటీమీటర్లు దాటిన గడ్డనీ తైలంతో సరిపెట్టకండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది. మేం పోగొట్టుకున్న రెండు నెలలు మీరు పోగొట్టుకోకండి.