ఫ్లెక్సీ మీద నీ ఫొటో

చిరంజీవి అబ్బాయికి,



మీ ఊరి సువార్త కూటాల ఫ్లెక్సీని మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. కోటు తొడుక్కుని, మైకు పట్టుకుని నిలువెత్తున నువ్వు. అడుగున ఓ మూల సన్నటి అక్షరాల్లో ‘మహిమ దేవునికే’. పేరుకు ముందు ‘అంతర్జాతీయ ప్రసంగీకులు’. ఒక్కసారి దుబాయ్ వెళ్లొచ్చినందుకేనా? అడిగానని కోప్పడకు.

నీకు మాట వచ్చు. దేవుడిచ్చిన వరం అది, లేదనుకోవడం వినయం కాదు. ‘నేను అయోగ్యుణ్ణి’ అని మైకులో పదిసార్లు అని, అదే మాట ఇంకొకరు అంటే ముఖం మాడ్చుకునే బోధకుల్ని చాలామందినే చూశాను. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన మళ్లీ చదువు. అతను కూడా దేవుడికి కృతజ్ఞతలు చెబుతూనే మొదలుపెట్టాడు. సంఘంలోకి గర్వం స్తోత్రం చెప్పుకుంటూనే వస్తుంది, అందుకే ఎవరూ గుమ్మంలో ఆపరు.

యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనేవాడున్నాడు. అతని సిద్ధాంతం తప్పని యోహాను ఎక్కడా రాయలేదు. అందరికంటే ముందుండాలన్న యావ, అంతే. ఆ యావలోనే వచ్చిన సహోదరుల్ని చేర్చుకోలేదు, చేర్చుకోబోయిన వాళ్లను వెలివేశాడు.

అతనికి పూర్తి భిన్నం డోర్నకల్ అజరయ్యగారు. ఆయన తిరునెల్వేలి తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం తీసుకునే పల్లె జనం చేత తమ తల మీదే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికించేవారు. అక్షరం రాని కూలీల చేతికి తన పనే అప్పగించారన్నమాట. దానితో ఆయన పెద్దరికం ఏమీ తరగలేదు.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం పెద్దామె ప్రార్థన చేస్తుంటే మధ్యలోనే మైకు లాక్కున్నావట. ఆమె ప్రార్థన పొడుగే, నాకూ తెలుసు. అయినా ఇంటికి వెళ్లి క్షమించమని అడుగు. మళ్లీ ఆరాధనలో మైకు పట్టుకుని అడిగేవు, అది ఇంకో సాక్ష్యం అయిపోతుంది.

కూటాల ఆఖరి రాత్రి వాక్యం వేరే ఎవరికైనా ఇచ్చి, నువ్వు జంపఖానా మీద కూర్చుని విను. వాళ్లు నీకంటే బాగా చెబితే లోపల ఏమవుతుందో చూసుకుని నాకు రాయి.

ఫ్లెక్సీ మాత్రం రేపే మార్పించు. ఖర్చు నేను పంపుతాను.

ఇట్లు,
మీ మావయ్య