ఆచారి గారి పెట్టె అటక మీదే ఉంచేద్దామా?

రేపల్లె పక్క పల్లె నుంచి ఒక చెల్లి రాసింది. వాళ్ల మామగారు వడ్రంగి, ఊరందరికీ ఆచారి గారు. ఆయన పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది. పనిముట్ల పెట్టె మాత్రం ఇంకా అటక మీదే ఉందట. దించుదామంటే అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పాత ఇనుప సామాన్ల బండికి వేసేద్దామంటాడు ఇంటాయన. "నాకు మనసొప్పడం లేదక్కా. అలాగని ఏం చేయాలో కూడా తోచడం లేదు" అంటోంది.

తోస్తుందిలే తల్లీ. ముందు ఆ టీ చల్లారకుండా తాగు, తర్వాత మాట్లాడుకుందాం.

ఆ ఉత్తరంలో పెట్టె సంగతి నాలుగు ముక్కలే. మిగతాదంతా ఆయన గురించే. ఎవరింట్లో మంచం కోడు విరిగినా పిలవకముందే వచ్చేవారట. బడి పిల్లలకు బొంగరాలు చెక్కిచ్చేవారట. పురిటికి వచ్చిన ఆడపిల్లలకు ఊయల, బిడ్డ నిలబడే వేళకు మూడు చక్రాల నడకబండి. డబ్బులెంతంటే "పిల్లోడు నడిచాక చూద్దాంలే" అనేవారట. పిల్లలు నడిచారు, పెళ్లిళ్లు కూడా చేసుకున్నారు. ఆయన మాత్రం మళ్లీ అడగలేదు. పని నేర్చుకుంటానని ఎవరొచ్చినా నీది ఏ కులమని అడగకుండా పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఉలి అరువిచ్చేవారు. ఒకటే షరతు, "పదును పెట్టి తేరా." నాకు ఆయన మీద గౌరవం అక్కడే రెట్టింపైంది. ఇవ్వడం చాలామందికి వచ్చు. ఇస్తూనే పని నేర్పించడం కొద్దిమందికే వస్తుంది.

ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరు ఉండేవారు కదూ? తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరెక్కి వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్తే కనిపించే ఆ ఊళ్లన్నిటిలోనూ. నాగలి, గొర్రు, కాడి, బండిచక్రం అన్నీ ఆయన చేతిలోవే. ఏడాది పొడుగునా చేసిన పనికి నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర కొలిచేవాళ్లు. పంట బాగుంటే నిండుగా, పోతే ఆయనకూ పోయినట్టే. కొత్తిల్లు కట్టుకుంటే గుమ్మం ఎత్తేరోజు గడపకు పసుపు కుంకుమలు, ఆచారి గారికి కొత్త పంచె, తాంబూలం. ఆ రోజు ఆయనే పెద్ద. మర్నాటి నుంచి ఆ గుమ్మం మనది, చేసిన చెయ్యి ఎవరిదో మన పిల్లలకు చెప్పం.

1977 నవంబరు 19 ఉప్పెన పేరు చెబితే మన పెద్దవాళ్లకు ఇప్పటికీ గొంతు మారుతుంది. దివిసీమతో పాటు ఇటు రేపల్లె, బాపట్ల తీరాలూ దెబ్బతిన్నాయి. వేలమంది పోయారు. ఈ చెల్లి మామగారు అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. నాన్నతో కలిసి, పడిపోయిన చెట్లు రంపాలతో కోసి తలుపులు, వాసాలు చేశారట. మనిషి పోయిన ఇంటి దగ్గర కూలి తీసుకోకూడదని తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారట. ఈ సంగతి ఆయన నోటివెంట ఎప్పుడూ రాలేదు, దినం రోజున భోజనాల దగ్గర ఎవరో చెబితే కోడలికి తెలిసింది. మన మంచివాళ్ల సంగతి మనకు వాళ్లు పోయాకే ఎందుకు తెలుస్తుందో!

సరే, విషయానికొద్దాం. మనకు భయం దేనికి? పెట్టె తెరిస్తే ఆయన లేరన్న సంగతి మళ్లీ మొదటినుంచి తెలుస్తుందని. నిజమే, తెలుస్తుంది. ఆయన అరచెయ్యి ఆనినచోట చిత్రిక చెక్క నున్నగా అరిగి ఉంటుంది. బాడిస పిడి తన చేతికి తగ్గట్టు తనే చెక్కుకున్నది. చూస్తే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? రానియ్యండి. అత్తగారిని వేరే గదిలో కూర్చోబెట్టి మీరు గుట్టుగా సర్దేయకండి. ఆవిణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని "అత్తయ్యా, ఇదేమిటి? దీంతో ఏం చేసేవారు?" అని అడగండి. ఏడుస్తూ మొదలుపెట్టిన మనిషి పది నిమిషాల్లో ఆయన మీద చాడీలు చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు ఫోన్లో రికార్డింగు నొక్కండి. ఏ ఉలిని ఏమనేవారో, ఏ పనికి ఏ కర్ర మంచిదనేవారో, అన్నీ ఆవిడ గొంతులోనే ఉండనివ్వండి.

ఇక పనిముట్ల సంగతి. మనది ఉప్పుగాలి. సూర్యలంక తీరం దాకా పోనక్కర్లేదు, రేపల్లెలోనే కిటికీ ఊచలకు తుప్పెలా పడుతుందో మీకు తెలీదా? పాలిథీన్ సంచిలో చుట్టి పెట్టారో, లోపల చెమ్మపట్టి ఇంకా పాడవుతుంది. తుప్పుంటే కిరసనాయిలు గుడ్డతో రుద్ది, పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాసి, పాత నూలుగుడ్డలో చుట్టండి. ఉలి అంచులకు గట్టి అట్టముక్క కట్టండి, ఇంట్లో చిన్నపిల్లలుంటారు. చిత్రికను ఎండలో పెట్టకండి, చెక్క నెర్రెలిస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. మెరుస్తుందని ఎవరో అన్నారని కరెంటు సానచక్రం మీద పెట్టించకండి. ఆ వేడికి అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. పదును పెట్టించాలంటే సానరాయి మీదే, పని తెలిసినవాళ్ల చేతే.

కానీ చెల్లీ, ఇవన్నీ చేసి మళ్లీ అటకెక్కించడానికా? అత్తగారికి ఇష్టమైనదొకటి, ఆ చిత్రికో చిన్న సుత్తో, ఇంట్లో ఉంచుకోండి. మిగతావి పని చేసే చేతికి వెళ్లాలి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇప్పటికీ పని చేస్తున్న కుర్రాడు ఒక్కడైనా ఉండడా? పిలిచి, భోజనం పెట్టి, ఆవిడ చేతుల మీదుగా ఇప్పించండి. బండివాడు కిలో లెక్కన తూచేది ఇనుమునే, పిడి తీసి పారేస్తాడు. ఆయన సొంతంగా చేసుకున్నది ఆ పిడినే కదా. ఇంగ్లండులో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ పేరు విన్నారా? జనం ఇళ్లలో మూలన పడిన పాత పనిముట్లు తీసుకుని, బాగుచేసి, పదును పెట్టి ఆఫ్రికాలో చేతిపనులవాళ్లకు పంపుతూ వచ్చింది. మనకంత దూరం ఎందుకు, పక్కవీధి చాలు.

ఆ కుర్రాడికి ఇంకో మాట కూడా చెప్పండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతివృత్తులున్నాయి, వాటిలో వడ్రంగం కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు. ఇప్పుడు పేర్లు రాసుకుంటున్నారేమో కామన్ సర్వీస్ సెంటర్లో అడగమనండి. మన కుర్రాళ్లకు పని వచ్చు, కాగితాలంటే భయం. మీలాంటి చదువుకున్న వదిన ఒకరు వెంట వెళ్తే ఆ భయం పోతుంది.

అత్తగారి పింఛను చూశారా? ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు. దుఃఖంలో ఇవన్నీ ఏం అడుగుతాంలే అనుకుంటాం. అడగాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళ్లండి.

ఊళ్లోవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. విగ్రహాలకు తెనాలి పెట్టింది పేరు, ఎవరెవరి విగ్రహాలో అక్కడి నుంచే వెళ్తాయి. మన ఆచారి గారికి విగ్రహం పెట్టమని నేననను, ఆయనే నవ్విపోతారు. ఆయన చేసిన పట్టెమంచం ఉంటే పట్టె లోపలివైపు, బీరువా అయితే వెనక, తలుపైతే పైఅంచు మీద, ఆయన పేరు, చేసిన సంవత్సరం పెయింటుతో రాసిపెట్టండి. రేపు ఇల్లు పడగొట్టి ఆ తలుపు అమ్మేటప్పుడు మనవడు ఒక్క క్షణం ఆగి చదువుతాడు. ఊయల డబ్బులు బాకీ ఉన్నవాళ్లుంటే, ఉన్నారని నాకు తెలుసు, ఆయన అడగలేదు కదా అని ఊరుకోకండి. వెళ్లి ఆవిడ చేతిలో పెట్టి, ఇది ఫలానా ఊయలకు అని చెప్పి రండి. దానం కాదు, బాకీ.

చెల్లీ, నీకు ఆఖరి మాట. ఈ ఆదివారం మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే పెట్టె దించండి. ఒక్కదానివే నిచ్చెన ఎక్కకు. ఇనుమంతా అందులోనే ఉంది, నువ్వనుకున్నదానికన్నా బరువుంటుంది.