బ్యాకప్ ఉంది సరే, తిరిగొస్తుందా?

2017 జనవరి 31 రాత్రి కోడ్ దాచుకునే వేదిక గిట్‌ల్యాబ్‌లో ఇంజనీర్ ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రక్షణకు ఐదు రకాల ఏర్పాట్లున్నా సమయానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. సర్వర్‌లోని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6, దాని డేటా నకలు (డంప్) తీసే ప్రోగ్రామ్‌ది 9.2. వెర్షన్లు పొసగక డంప్ విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లేమో ఎవరికీ చేరడం లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

మన దగ్గరా 2019 మే మొదట్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల)పై, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. తెలంగాణ ఉత్తర డిస్కం కూడా ఆ దెబ్బ తిన్నదే. అలాంటప్పుడు ఆదుకునేది తిరిగొచ్చే బ్యాకప్పే.

బ్యాకప్ తీయడం ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. అది తిరిగొస్తుందని రుజువు చేసే మనిషి కావాలి. బ్యాకప్ అడ్మినిస్ట్రేటర్, స్టోరేజ్ ఇంజనీర్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (డీబీఏ) ఉద్యోగాల్లో అసలు పని ఇదే. బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ వాళ్లూ ప్రయత్నించొచ్చు. కోడింగ్ కన్నా లైనక్స్, ఎస్‌క్యూఎల్, ఓపిక ముఖ్యం. నైట్ షిఫ్టులు మాత్రం తప్పవు.

నేర్చుకోవడానికి హైదరాబాద్ కోచింగే అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి రెండు ఉబుంటు మెషిన్లు పెట్టండి. మొదటిదాంట్లో పోస్ట్‌గ్రెస్ వేసి, మిర్చి, పత్తి కొనుగోళ్ల పట్టిక ఒకటి కల్పించి వెయ్యి వరుసలు నింపండి. డంప్ తీసి, రెండో మెషిన్‌కు ఆ ఫైలు మాత్రమే ఇచ్చి రీస్టోర్ చేయండి. రీస్టోర్ అయ్యేదాకా మొదటిదాన్ని ఆపి ఉంచండి, లేకపోతే తెలియకుండానే దాని మీద ఆధారపడతారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఫైలుకు వేలిముద్ర లాంటి షా-256 సరిపోలితే ఫైలు దారిలో చెడలేదని అర్థం, అంతే. లోపలున్నది సరైనదో కాదో అది చెప్పదు. వరుసల లెక్క సరిపోయినా చాలదు. మొదటి మెషిన్‌ను మళ్లీ ఆన్ చేసి, బస్తాల బరువు, చెల్లించిన సొమ్ము రెండుచోట్లా కూడి చూడండి. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయా, తేదీల్లో రోజూ నెలా తారుమారయ్యాయా గమనించండి. యూజర్ల అనుమతులు కూడా వచ్చాయా? పోస్ట్‌గ్రెస్ డంప్ తీసే పీజీ డంప్ ప్రోగ్రామ్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది, యూజర్ల ఖాతాలు అందులో రావు. మొదటిసారి అందరూ బోల్తాపడేది అక్కడే.

ఎంతసేపు పట్టింది, ఏ సమయం వరకు డేటా దొరికింది రాసుకోండి. ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అని ఇంటర్వ్యూలో అడిగేవి ఈ రెండింటికీ పెట్టుకునే లక్ష్యాలే. ఆ కాగితాన్ని రెజ్యూమేకు జతచేయండి. నా దృష్టిలో అది రెండు సర్టిఫికెట్ల పెట్టు.