గోరువెచ్చటి నీళ్ళు, నడుం మీద ఒక చెయ్యి

మొన్న పూర్ణా మార్కెట్‌లో కూరలు కొంటుంటే, నెలలు నిండిన ఓ అమ్మాయి వాళ్ళమ్మతో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ముందు కనిపించింది. ఘోషాసుపత్రికి తీసుకెళ్ళడానికి బక్కెట్టూ మగ్గూ కొంటున్నారు. బేరమంతా వాళ్ళమ్మదే. ఆ పిల్ల మగ్గు చేతిలో తిప్పుతూ ఎటో చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ‘నొప్పులు నేను తట్టుకోగలనా?’ అనే కదూ? ఆ నెలలో మనందర్నీ అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టేది ఆ బెంగే.

భయపడితే తప్పేం లేదు అమ్మలూ. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. ఆ మగ్గు సంగతి చెబుతాను.

మా పెద్దాడప్పుడు నాకు నొప్పంతా నడుంలోనే. కూర్చోలేను, పడుకోలేను. మా పిన్ని నన్ను స్నానాలగదిలో స్టూలు మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, నడుం మీద గోరువెచ్చటి నీళ్ళు సన్నటి ధారగా పోస్తూనే ఉంది. నొప్పి పోయిందని అబద్ధం చెప్పను. కానీ బిగబట్టిన పళ్ళు వదిలాను, భుజాలు దిగాయి. నొప్పికీ నొప్పికీ మధ్య చిన్న కునుకు కూడా పట్టింది. ఆ సమయంలో అంతకన్నా ఏం కావాలి మనకి?

దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉంటుందే, ఇదీ అలాంటిదే. వెన్నుపాములో నొప్పి కబుర్లకి ఒక గేటు లాంటిది ఉంటుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో చెప్పారు. చర్మానికి తగిలే హాయి ఆ గేటును కాస్త దగ్గరగా వేస్తుందన్నమాట. ఫ్రాన్స్‌లో మిషెల్ ఓడెన్ అనే డాక్టరు 1970ల్లోనే, నొప్పులు పడేవాళ్ళు కూర్చోవడానికి తన ఆస్పత్రిలో నీళ్ళ టబ్బు పెట్టించారు. నొప్పుల తొలిదశలో అలా నీళ్ళలో కూర్చున్నవాళ్ళకి ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, అవసరం కాస్త తగ్గిందని 2018 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. బిడ్డని నీళ్ళలోనే కనడం మాత్రం వేరే సంగతి. దానికి తర్ఫీదు పొందినవాళ్ళు, తగిన ఏర్పాట్లు ఉండాలి. ఇంట్లో ఆ ప్రయత్నం వద్దే వద్దు.

‘మన ఆస్పత్రిలో టబ్బెక్కడిది అక్కా?’ అంటావా? లేకపోతే పోనీలే. షవరుంటే షవరు, లేదంటే మన మగ్గు. అదీ కుదరకపోతే వేణ్ణీళ్ళలో ముంచి గట్టిగా పిండిన తువ్వాలు నడుం మీద వేయించుకో. వెచ్చటి కాపడం, మర్దనా అడిగినవాళ్ళకి చెయ్యవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018 సూచనల్లో రాసింది.

అయితే నా మాట కొంచెం విను. నీళ్ళు ఒంటి వేడికి మించకూడదు, మోచేత్తో చూడమను. మరీ వేడైతే నీకు తల తిరుగుతుంది, లోపల బిడ్డ గుండె పరుగెడుతుంది. గుక్క గుక్కగా మంచినీళ్ళు తాగుతుండు. గచ్చు మీద జారకుండా కాళ్ళ కింద పట్టా వేయించు, గడియ పెట్టుకోకు. ఇంట్లో గ్యాస్ గీజరుంటే దాన్ని మూసిన గదిలో అస్సలు వాడొద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువు వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. రక్తం కనిపించినా, జ్వరమున్నా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా స్నానం మాట పక్కనపెట్టి ముందు ఆస్పత్రికి పద. బీపీ ఎక్కువున్నవాళ్ళు డాక్టరమ్మ ఒప్పుకుంటేనే.

అన్నట్టు ఆ డాక్టరమ్మని ఇప్పుడే, వచ్చే చెకప్పులోనే అడుగు: ‘నొప్పుల్లో స్నానం చెయ్యొచ్చా? మా అమ్మ పక్కనుండొచ్చా?’ అని. మొహమాటపడకు. ప్రసవమప్పుడు తోడుగా ఒకరిని ఉండనివ్వమని కేంద్ర ప్రభుత్వమే 2016లో సర్కారు ఆస్పత్రులకి చెప్పింది. నీళ్ళు ఎవరైనా పోస్తారు కానీ, నడుం ఎక్కడ లాగుతోందో చెప్పకుండానే తెలిసే చెయ్యి ఒకటుంటుంది కదా, అది దగ్గరుండాలి.

ఆ రోజు కొట్టు దగ్గర ఉండబట్టలేక నేనే కల్పించుకున్నాను. ‘ఆ రంగుల మగ్గు వద్దు తల్లీ, పిడి గట్టిగా ఉన్నది తీసుకో, తడిచేతిలో జారకూడదు’ అని. ఆ పిల్ల నవ్వి, మగ్గు వాళ్ళమ్మ చేతికిచ్చింది, ‘నువ్వు పట్టుకుని చూడమ్మా’ అంటూ.